ఏడాది వాడిన మూకుడుకి పన్ను లేదు!

మీ ఇంట్లో అన్నింటికన్నా పాత వస్తువేది? ఒక్కసారి వంటింట్లోకి తొంగిచూసి చెప్పండి. అడుగు నల్లబడిన పోపు గరిటా? చెవి ఊడితే మళ్ళీ అతికించుకున్న ఇత్తడి గిన్నా? చుట్టాలొస్తున్నారంటే గట్టు కింద దాచేసే ఇనప మూకుడా? ఏదైనా సరే, దాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. రేపు మీరో, మీ అమ్మాయో కాపురం ఎత్తుకుని పరాయిదేశం వెళ్ళాల్సొస్తే కస్టమ్స్ వారి ముందు తలెత్తుకుని నిలబడేది ఆ పాత వస్తువే. నిన్న షాపులోంచి తెచ్చిన మెరిసే డిన్నర్ సెట్టు కాదు!

ఈ సంగతి నాకు పూర్తిగా తెలిసొచ్చింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో. 2023 జూలై నెల. మనకి వానలు మొదలయ్యే రోజులు కదా, అక్కడ నడి చలికాలం. మాట్లాడితే నోట్లోంచి పొగొస్తుంది. మా సామాను వచ్చిన గోదాము ఊరికి పడమటి వైపుంది. ఆ దారిలో వెస్ట్‌గేట్ అనే పెద్ద వంతెన దాటాలి. వంతెన మీంచి చూస్తే యర్రా నది సముద్రంలో కలిసే చోట రేవు కనిపిస్తుంది. క్రేన్లన్నీ కొంగల్లా మెడలు చాచుకుని నిలబడుంటాయి. వాటి కింద ఎరుపు, నీలం, ఆకుపచ్చ కంటైనర్లు, చిన్నపిల్లలు అగ్గిపెట్టెలు పేర్చినట్టు వరసలు వరసలుగా! వాటిలో ఎన్ని ఇళ్ళ గిన్నెలూ, దుప్పట్లూ, పిల్లల బొమ్మలూ ఉన్నాయో అనుకుంటూ వెళ్ళాను. మా ఇల్లు కూడా నెలన్నర నుంచీ అలాంటి ఓ పెట్టెలోనే ఉంది మరి.

మా పెట్టెలన్నీ చేరాయి, కానీ అన్నీ మా చేతికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు విజయవాడ నుంచి మొదలుపెట్టాలి.

ఊరంతా ఒకటే సలహా

మావారికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం ఖాయమై, శాశ్వత నివాసపు వీసా చేతికొచ్చేసరికి ఫిబ్రవరి అయింది. మే నెలలో ప్రయాణం. మా ఇల్లు ఒక్కసారిగా పెళ్ళివారిల్లయిపోయింది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "అక్కడ అన్నీ ఖరీదమ్మా, ఏం కావాలన్నా ఇక్కడే కొనేసుకో!"

నాకూ నిజమేననిపించింది. బీసెంట్ రోడ్డంతా తిరిగి తిరిగి స్టీలు డబ్బాల సెట్టు, కొత్త దుప్పట్లు, మిక్సీ, ప్రెషర్ కుక్కర్లు రెండు, పింగాణీ డిన్నర్ సెట్టు కొన్నాను. కొత్త దేశంలో కొత్త కాపురం పెడుతూ మసిపట్టిన మూకుడు తీసుకెళ్తామా? ఆ పాతవన్నీ పనమ్మాయికి ఇచ్చేద్దామని ఓ మూల గుట్టగా పోశాను.

సామాను పంపే కంపెనీ నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. ఇల్లంతా తిరిగి, ఏ వస్తువు ఎంత చోటు పడుతుందో లెక్కేసుకున్నాడు. ఓడ సామానుకి బరువు కన్నా అది ఆక్రమించే చోటే ముఖ్యమట. ఘనపు మీటర్ల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఇరవై అడుగుల కంటైనర్ మొత్తం తీసుకుంటే సుమారు 33 ఘనపు మీటర్లు. మాలాంటి చిన్న సంసారాలకి అంత అక్కర్లేదు, మరో ఇద్దరు ముగ్గురితో కలిసి పంచుకోవచ్చు.

ఆయన నా కొత్త అట్టపెట్టెల గుట్ట చూసి ఆగాడు.

"అమ్మా, ఇవెప్పుడు కొన్నారు?"

"ఈ వారంలోనేనండీ" అన్నాను గొప్పగా.

"అయితే వీటికి అక్కడ పన్ను పడుతుంది. అదిగో, ఆ మూల పారేశారే, వాటికి పడదు" అన్నాడు.

అప్పటికి నాకు నవ్వొచ్చింది గానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆస్ట్రేలియాలో స్థిరపడటానికి వెళ్ళేవాళ్ళు తమ ఇంటి సామాను పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. దానికో షరతుంది. ఆ వస్తువు మనం బయల్దేరే రోజుకి కనీసం 12 నెలలుగా మన సొంతమై ఉండాలి. అన్నాళ్ళూ మనం దాన్ని వాడి కూడా ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే సుంకమూ లేదు, జీఎస్టీ లేదు. పదేళ్ళ కిందట పెళ్ళికొచ్చిన బహుమతి పెట్టె విప్పకుండా అటక మీదే ఉందనుకోండి, అది మనదే గానీ వాడినట్టు కాదు కదా!

ఎందుకిలా అని ఆలోచిస్తే న్యాయంగానే తోచింది. కొత్త వస్తువు ఎవరికైనా అమ్ముకోవచ్చు. నాలుగు పెట్టెలు పట్టుకెళ్తే వ్యాపారమే అవుతుంది. సొట్టపడిన గిన్నె ఎవరు కొంటారు? అది సరుకు కాదు, కాపురం. కాపురానికి పన్నెందుకు?

ఆ సాయంత్రమే మూలనున్న గుట్ట మళ్ళీ తోమించి సర్దాను. కొత్తవాటిలో కొన్ని షాపులో మార్చుకున్నాను, కొన్ని మా ఆడపడుచుకిచ్చాను. మిగిలినవి వేరే పెట్టెలో పెట్టి, బిల్లులు కూడా దాన్లోనే పెట్టాను.

గడప దాటకుండా ఆగిపోయినవి

అక్కడికి తీసుకెళ్ళడం ఒక ఎత్తు, ఇక్కణ్ణించి బయటికి వెళ్ళనివ్వడం ఇంకో ఎత్తు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఒకటుంది. వందేళ్ళు దాటిన విగ్రహాలు, నాణేలు, చిత్రాలు, పనితనం ఉన్న పాత వస్తువులు దేశం దాటించకూడదు. చరిత్రకో సాహిత్యానికో విలువున్న రాతప్రతులకైతే 75 ఏళ్ళే హద్దు. మా మామగారి ఇంట్లో వాళ్ళ తాతగారి నాటి తాటాకు పుస్తకం ఒకటి పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గదిలో ఉండేది. పెద్దకొడుకు ఎక్కడుంటే అదక్కడే ఉండాలని అత్తయ్యగారి కోరిక. విషయం చెప్పాక ఆవిడే, "మన ఊళ్ళోనే ఉండనీ, మన మాట తెలిసినవాళ్ళ మధ్య ఉంటుంది" అని మరిదిగారింట్లో పెట్టించారు.

మీ ఇంట్లో వస్తువు వందేళ్ళు దాటిందో లేదో అనుమానంగా ఉంటే, పురావస్తు సర్వేక్షణ శాఖ వారికి చూపించి "ఇది పురావస్తువు కాదు" అని ధ్రువపత్రం తీసుకోవచ్చు. రేవులో పెట్టె ఆగిపోయాక కాళ్ళావేళ్ళా పడటం కన్నా అది నయం కదూ! నెమలి ఈకలు కూడా దేశం దాటించకూడదు. మా అబ్బాయి పుస్తకంలో దాచుకున్న ఈక తీయించేసరికి వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అత్తయ్యగారు ఇంకో జత వస్తువులు తెచ్చిచ్చారు. ఆవిడ పెళ్ళిపీటలు. ఆవిడ నాన్నగారు పెరట్లో మామిడిచెట్టు కొట్టించి చేయించినవట. యాభై ఏళ్ళు దాటాయి గానీ వంద కాలేదు కనుక చట్టంతో పేచీ లేదు. "మీ పెళ్ళికీ వీటి మీదే కూచోబెట్టాను. వరలక్ష్మీ వ్రతానికి వాడుకో అమ్మాయ్" అన్నారు. నేను గుడ్డతో తుడిచి, కాగితాల్లో చుట్టి పెట్టేశాను. ఒక్కసారి వెనక్కి తిప్పి చూడలేదు. ఆ చూడకపోవడమే నేను చేసిన తప్పు.

స్టిక్కరు పీకేస్తే సరి!

మా సామాను లారీలో చెన్నై రేవుకి, అక్కణ్ణించి ఓడలో సింగపూరుకి, అక్కడ ఇంకో ఓడ మారి మెల్‌బోర్న్‌కి వచ్చింది. ఈలోగా మేం విమానంలో ముందే చేరాం. అద్దింట్లో రెండు గిన్నెలు, నాలుగు పళ్ళేలతో నెట్టుకొస్తున్నాం. అప్పుడు అక్కడి క్లియరింగ్ ఏజెంటు ఓ ఫారం పంపాడు. దాన్ని బి534 అంటారు. ఓడ మీదో, కార్గోలోనో విడిగా వచ్చే సొంత సామాను గురించి మనమిచ్చే వాంగ్మూలమన్నమాట. పాస్‌పోర్టు కాపీ, సామాను జాబితా దానికి జతచెయ్యాలి. ఏవి ఏడాదికి పైగా వాడినవి, ఏవి కొత్తవి, తినుబండారాలున్నాయా, చెక్క వస్తువులున్నాయా, గడ్డి, విత్తనాలు, మట్టి అంటిన వస్తువులున్నాయా అన్నీ అడుగుతారు.

ఫారం నింపుతూ మావారు, "స్టిక్కర్లు పీకేస్తే కుక్కరు కొత్తదో పాతదో ఎవడికి తెలుస్తుందోయ్? అన్నీ పాతవేనని రాసేద్దాం" అన్నారు. ఇలాంటి మాటలు మీ ఇంట్లోనూ వినపడతాయి. పట్టించుకోకండి. కింద సంతకం పెట్టేది మనం. పరాయిదేశంలో మన పేరు మీద పుట్టే మొదటి కాగితం అబద్ధం కాకూడదు. తెలిస్తే జరిమానా ఉంటుంది, ఆ మచ్చ అలా ఉండిపోతుంది. నేను ఒప్పుకోలేదు. కొత్త వస్తువుల పెట్టె నంబరు వేసి, బిల్లులతో సహా పంపించాం.

పన్నెలా వేస్తారో ఉజ్జాయింపుగా చెప్తాను. 5 శాతం సుంకం పడే కొత్త వస్తువు వెయ్యి డాలర్లది ఉందనుకోండి. సుంకం 50 డాలర్లు. ఇక జీఎస్టీ 10 శాతం. అది వస్తువు ధర మీదే కాదు, ధర, సుంకం, ఓడ ఖర్చు, బీమా అన్నీ కలిపి వేస్తారు. ఆ వస్తువు వాటాకి ఓడ ఖర్చు, బీమా 200 డాలర్లయితే, 1250 మీద 125 డాలర్లు. మొత్తం 175. ఇక్కడ కొంటే ఆదా అనుకున్నదంతా అక్కడే హరించుకుపోతుంది! 2024 జూలై 1 నుంచి ఆ దేశం ఫ్రిజ్‌లు, టూత్‌బ్రష్‌లతో సహా సుమారు 500 రకాల వస్తువుల మీద సుంకం ఎత్తేసింది. అయినా జీఎస్టీ ఉండనే ఉంది. సిగరెట్లు, మద్యం అయితే ఎన్నాళ్ళ నుంచి మన దగ్గరున్నా ఈ మినహాయింపు లేదు. అవి మనకెలాగూ అక్కర్లేదనుకోండి!

పన్ను కన్నా పురుగు భయం ఎక్కువ

మా పన్ను సంగతి రెండ్రోజుల్లో తేలిపోయింది. అమ్మయ్య అనుకున్నాం. ఇంతలో ఏజెంటు నుంచి ఫోను. "మీ సామాన్లో పప్పు దొరికింది. పెట్టెలన్నీ విప్పి చూస్తారట."

పప్పా? నేను పప్పుగింజ కూడా పెట్టలేదే! తీరా చూస్తే పాత రైస్ కుక్కర్లో, చిన్న స్టీలు డబ్బాలో, రెండు కిలోల కందిపప్పు! ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదుగా. కొడుకు కొత్తింట్లో మొదటిరోజు ముద్దపప్పుతో అన్నం తినాలని అత్తయ్యగారి ఆశ.

ఆ దేశం వారికి కందిపప్పంటే ఎందుకంత భయం? ఖాప్రా అని ఓ పురుగుంది. ధాన్యం గోదాముల్ని గుల్ల చేస్తుంది. పుట్టిల్లు మన దేశం వైపే. దాని పిల్లపురుగు తిండి లేకుండా ఏళ్ళ తరబడి ఏ సందులోనో దాక్కుని బతకగలదు. 2020లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఓ కొత్త ఫ్రిజ్‌తో పాటు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో ఓ ఇంటికి చేరింది. గోధుమలు ఎగుమతి చేసి బతికే దేశానికి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ ఏడాదే సొంత సామాన్లో బియ్యం, కందిపప్పు, పెసలు, శనగలు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, వేరుశనగలు తీసుకురావడాన్ని నిషేధించారు. మన పోపులపెట్టె సగం ఆ జాబితాలోనే ఉంది!

వాళ్ళ భయానికి చరిత్ర కూడా ఉంది. మన పొలాల గట్ల మీద నాగజెముడు చూస్తాం కదా, అదే జాతి మొక్కని 1788లో మొదటి ఓడల వాళ్ళు ఆస్ట్రేలియాకి తీసుకెళ్ళారు. ఎర్ర రంగునిచ్చే పురుగుల్ని దాని మీద పెంచుదామని! ఆ రంగు సంగతేమో గానీ జెముడు మాత్రం పెరిగీ పెరిగీ 1920ల నాటికి సుమారు రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్ల భూమిని కమ్మేసింది. రైతులు ఇళ్ళూ పొలాలూ వదిలిపెట్టి వెళ్ళిపోయారు. చివరికి అర్జెంటీనా నుంచి ఓ చిమ్మటని తెచ్చి వదిలితే, దాని పిల్లలు తిని తిని అదుపులోకి తెచ్చాయి. మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలోనే 1859లో ఒకాయన వేటాడుకోవడానికని కాసిని కుందేళ్ళు తెప్పించి వదిలాడు. అవి దేశమంతా వ్యాపించి పచ్చగడ్డి లేకుండా చేశాయి. ఒకసారి చెయ్యి కాలినవాళ్ళు జాగ్రత్తపడరూ!

ఒంటరి పీట

పప్పు దొరకడంతో పెట్టెలన్నీ విప్పి తనిఖీ చేశారు. ఆ పనికి పావుగంటల లెక్కన రుసుము వేస్తారు, అది మనమే కట్టాలి. తనిఖీ మన ఎదురుగా జరగదు. తర్వాత ఏజెంటు ఫోటోలు పంపాడు. ఓ ఫోటోలో మా పెళ్ళిపీట బోర్లా తిప్పి ఉంది. కింది వైపు సూదిమొనంత బెజ్జాలు, పక్కన సన్నటి పిండి. పుచ్చు! రెండో పీట మాత్రం శుభ్రంగా ఉంది.

మా ముందు మూడు దారులు పెట్టారు. పుచ్చిన పీటకి పొగ పెట్టించడమో, వేడి చేయించడమో చెయ్యాలి. లేదా వెనక్కి పంపెయ్యాలి. అదీ కాదంటే వాళ్ళే నాశనం చేస్తారు. ఏది చేసినా ఖర్చు మనదే. పొగ పెట్టించడానికయ్యే ఖర్చుతో అలాంటి పీటలు నాలుగు జతలు చేయించుకోవచ్చు. అప్పటికే పన్ను, తనిఖీ రుసుము, ఇంటి అద్దె, అడ్వాన్సు కట్టి చేతిలో డబ్బు నిండుకుంది. మావారు ఏమీ అనకుండా నా వంక చూశారు.

నేను అత్తయ్యగారికి ఫోను చేశాను. పప్పు మాట ఎత్తలేదు. పీట సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పుచ్చిన చెక్కకి అంత డబ్బు పోస్తావా పిచ్చిదానా? పిల్లలకి చలికోట్లు కొను" అన్నారు. పెట్టేయబోతూ మళ్ళీ అడిగారు: "రెండోది వస్తుంది కదూ?"

ఆ మధ్యాహ్నమే ఏజెంటుకి సరేనని రాసిచ్చాం. ఆ పీటనీ, రెండు కిలోల పప్పునీ వాళ్ళే నాశనం చేశారు. మొదట చెప్పానే, చలిలో గోదాముకి వెళ్ళానని, అది మిగతా పెట్టెలు తెచ్చుకోవడానికే. ఇంటికొచ్చి విప్పిన మొదటి పెట్టెలో పాత కాగితాల చుట్టలోంచి ఇనప మూకుడు బయటపడింది. ఇరవై ఏళ్ళు వాడిన మూకుడు. జాబితాలో దాని ఎదురుగా పన్ను సున్నా. దాన్లో ఆ రాత్రి బంగాళాదుంపల వేపుడు చేశాను. పిల్లలు, "అమ్మా, మనింటి వాసనొస్తోంది" అన్నారు.

ఆ ఏడాది శ్రావణ శుక్రవారం అమ్మవారిని ఆ ఒక్క పీట మీదే పెట్టాను. అత్తయ్యగారు ఫోన్లో వీడియోలో చూసి కళ్ళు తుడుచుకున్నారు. కొన్నాళ్ళయ్యాక పప్పు సంగతి నేనే చెప్పాను. దాచి పెట్టుకుంటే నా మనసులోనే నలుగుతుంది కదా. ఆవిడ ముందు నొచ్చుకున్నారు, తర్వాత నవ్వారు. ఇప్పుడు మా వీధిలో ఎవరు విదేశం వెళ్తున్నా ఆవిడే వెళ్ళి, "పప్పులు పెట్టకండర్రా, పీటలు తిరగేసి చూసుకోండి" అని చెప్పొస్తున్నారట!

వేరే దేశాల మాటేమిటి?

మీ వాళ్ళు వెళ్ళేది ఆస్ట్రేలియాకే కానక్కర్లేదు. లెక్క కొంచెం అటూఇటూ అయినా చాలాచోట్ల ఇదే సూత్రం.

అమెరికాలో కనీసం ఒక ఏడాది వాడిన ఇంటి సామానుకి సుంకం లేదు. దానికి 3299 నంబరు ఫారం నింపాలి. అయితే అక్కడ కరెంటు 120 వోల్టులు. మన మిక్సీలు, గ్రైండర్లు నేరుగా పనిచెయ్యవు. ఆస్ట్రేలియాలో మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు ఒక్కటే వేరు.

ఇంగ్లండులో ఆరు నెలలు సొంతంగా ఉంచుకుని వాడితే చాలు, కానీ సామాను వెళ్ళకముందే దరఖాస్తు పెట్టుకుని అనుమతి తీసుకోవాలి. పన్ను లేకుండా తెచ్చుకున్న వస్తువుని ఏడాది దాకా వాళ్ళకి చెప్పకుండా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అరువుకూడా ఇవ్వకూడదు.

కెనడా వెళ్ళేవాళ్ళు విమానం దిగిన మొదటిరోజే వెంట తెచ్చినవాటి జాబితా, వెనకాల రాబోయేవాటి జాబితా రెండూ చూపించాలి. రెండో జాబితాలో లేనిది తర్వాత వస్తే పేచీ. ఆడపిల్లల తల్లులకి ఓ మంచిమాట: స్థిరపడటానికి కెనడా చేరేముందు మూడు నెలల్లోపు పెళ్ళయినా, చేరాక మూడు నెలల్లోపు పెళ్ళి చేసుకోబోతున్నా, పెళ్ళి బహుమతులు వాడినవే కానక్కర్లేదు. చేరకముందే అవి వాళ్ళ చేతికొచ్చి ఉంటే చాలు.

నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. బయల్దేరేముందు ఆ దేశపు కస్టమ్స్ శాఖ వారి తాజా నియమాలు మీరే చదువుకోండి, లేదా పిల్లల చేత చదివించుకోండి.

సర్దేముందు ఒక్క నిమిషం

* ప్రయాణం ఏడాది ముందే తెలిస్తే, కావలసిన కుక్కరో, మిక్సీయో అప్పుడే కొని వాడటం మొదలుపెట్టండి. బిల్లులు దాచండి.

* ప్రతి పెట్టెకీ నంబరు వెయ్యండి. లోపలున్నవన్నీ మీ చేత్తోనే రాసుకోండి. "వంటసామాను" అని ఒక్కమాట రాస్తే చాలదు.

* కొత్తవన్నీ ఒకే పెట్టెలో, చెక్కవన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. తనిఖీకి తక్కువ సమయం పడితే రుసుమూ తక్కువ.

* పీటలు, చపాతీ బల్ల, కవ్వం, మందసం తిరగేసి చూడండి. బెజ్జాలు, పిండి కనపడితే ఇక్కడే మందు కొట్టించండి, లేదా ఇక్కడే వదిలెయ్యండి.

* కొబ్బరి ఈనెల చీపురు, చేట, తాటాకు బుట్ట, దర్భలు, ఎండు పూలదండలు, నవధాన్యాలు పెట్టకండి. గడ్డితో సామాను చుట్టనివ్వకండి.

* చెప్పులు, సైకిలు, రోలు, కుండీలు మట్టి లేకుండా కడిగి, ఆరబెట్టాకే సర్దండి.

* చెక్కపెట్టెల్లో పంపితే వాటి మీద గోధుమకంకి బొమ్మ ఉన్న ముద్ర చూడండి. పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్కకి అది గుర్తు.

* ఊరగాయలు ఓడ సామాన్లో వద్దు. విమానంలో వెంట తీసుకెళ్తే దిగినచోట "తినే వస్తువులున్నాయి" అని తప్పకుండా చెప్పండి. చెప్తే మహా అయితే ఊరగాయ పోతుంది, దాస్తే వేల డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

* నగలు ఎప్పుడూ ఓడ సామాన్లో పెట్టకండి.

* పెట్టెలకి టేపు వేసేముందు ప్రతి గిన్నె, డబ్బా, కుక్కరు మూత తీసి చూడండి. ముఖ్యంగా అత్తగారో, అమ్మగారో సాయం చేసుంటే!

ఇక మీ వంటింట్లోకి వెళ్ళండి. ఇందాక గుర్తొచ్చిన ఆ పాత వస్తువుని ఓసారి తోమి పెట్టుకోండి. ప్రయాణమున్నా లేకపోయినా, ఈ పూట పోపు దాన్లోనే పెట్టండి.